ఇనుము కథ – 17వ భాగం: వెలివేసిన లోహం ఎక్కిన మెట్లు

జహీరాబాద్ చుట్టుపక్కల పలుగు దింపితే ఎర్రమట్టి, ఇంకాస్త దింపితే ఎర్రరాయి. బీదర్ దాకా పరుచుకున్న ఈ లాటరైట్ గడ్డకు ఆ రంగు ఇనుము వల్ల వచ్చింది. దక్కను నల్లరాయి లక్షల ఏళ్లు వానకు నాని, ఎండకు పగిలి, కరిగేవన్నీ కొట్టుకుపోయాక ఇనుము మాత్రం తుప్పు రూపంలో ఇక్కడే నిలిచిపోయింది. అదే నేల మీద ఇప్పుడు మహీంద్రా వాళ్ల ట్రాక్టర్ల కర్మాగారం నడుస్తోంది. మనకింత దగ్గరి లోహం గురించి పదహారు భాగాలుగా చెప్పుకుంటూ వస్తున్నాం.

గత భాగంలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల దగ్గర ఆగాం. అక్కడి కమ్మరులు వేరువేరు ఊళ్ల ఇనుమును కలిపి మూసలో మూసిపెట్టి, గంటల తరబడి కాచి, నిదానంగా చల్లార్చారు. నూటికి ఒకటిన్నర పాలు కార్బన్ చేరేసరికి మెత్తని ఇనుము ఖడ్గాలకు పనికొచ్చే ఉక్కు అయింది. పర్షియా వర్తకులు దానికోసం అంతదూరం వచ్చారు. ఇనుము గుణం దాని పక్కన చేరినదాన్ని బట్టి మారుతుందని ఆ కమ్మరుల పని మనకు చూపించింది. అదే సత్యం 2008లో మరో రూపంలో బయటపడి, భౌతికశాస్త్ర ప్రయోగశాలలన్నింటినీ ఒక్కసారిగా మేల్కొల్పింది. ఈ భాగం ఆ ఏడాది కథ.

ఇనుముకు తలుపు మూసిన శాస్త్రం

1911 ఏప్రిల్ 8న నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హైకే కామర్లింగ్ ఓనెస్ ప్రయోగశాలలో పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచారు. 4.2 కెల్విన్ల దగ్గర, అంటే సున్నాకు 269 డిగ్రీల సెల్సియస్ కింద, దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. కరెంటు ఒకసారి ప్రవేశపెడితే తరుగు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. ఈ గుణానికే అతివాహకత్వమని పేరు. ఏ ఉష్ణోగ్రత దగ్గర పదార్థం ఈ స్థితిలోకి మారుతుందో దాన్ని పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. ఆ గీతను ఎంత పైకి జరిపితే చల్లబరిచే ఖర్చు అంత తగ్గుతుంది. నూరేళ్లకు పైగా ఈ రంగంలో సాగిన కృషిలో పెద్ద భాగం ఆ గీతను పైకి జరపడానికే.

సీసానికి అది 7.2 కెల్విన్లు, నియోబియానికి 9.2. 1957లో జాన్ బార్డీన్, లియాన్ కూపర్, రాబర్ట్ ష్రీఫర్ కారణం చెప్పారు. లోహంలోని ఎలక్ట్రాన్లు, స్ఫటికం కంపనాల సాయంతో, రెండేసిగా జతకడతాయి. జతలోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు, అంటే వాటి సూక్ష్మ అయస్కాంత దిశలు, ఎదురెదురుగా ఉంటాయి. అలా జతకట్టినవన్నీ ఒకే లయలో సాగుతాయి కాబట్టి వాటికి అడ్డు తగిలేది ఉండదు.

ఇనుము మీద పగ ఇక్కడే మొదలైంది. ఇనుము పరమాణువు స్వయంగా ఒక చిన్న అయస్కాంతం. జతలోని ఒక ఎలక్ట్రాన్‌ను ఒకవైపు, రెండోదాన్ని మరోవైపు లాగి జతను విడగొడుతుంది. మంచి అతివాహకంలో కొద్దిపాటి ఇనుము కలిసినా చాలు, పరివర్తన ఉష్ణోగ్రత పడిపోతుంది. కొత్త అతివాహకాలను వందలకొద్దీ కనిపెట్టిన బెర్న్ట్ మథియాస్ తన అనుభవం మీద కొన్ని సూత్రాలు పెట్టాడు. అయస్కాంతత్వానికి దూరంగా ఉండమన్నది వాటిలో ముఖ్యమైనది. ఆ సూత్రాల దారిలో నడిచిన నియోబియం మిశ్రమాలు 1973 నాటికి 23 కెల్విన్ల దాకా వచ్చి ఆగిపోయాయి.

1986లో జూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నోర్జ్, మ్యూలర్ రాగి ఆక్సైడ్లతో ఆ గోడ బద్దలుకొట్టారు. మరుసటి ఏడాదే అమెరికాలో మావ్-కుయెన్ వూ, పాల్ చూ బృందాలు 93 కెల్విన్లు చేరాయి. చవకైన ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ల గీత దాటడంతో ప్రపంచమంతా ఆ వేటలో పడింది. మనవాళ్లూ వెనకబడలేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో సి.ఎన్.ఆర్. రావు, ఐఐటీ మద్రాస్‌లో జి.వి. సుబ్బారావు, యు.వి. వరదరాజు బృందాలు ఆ ఏడాదే ఈ రాగి ఆక్సైడ్ పింగాణీలను కాల్చి కొలిచాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలోనూ వీటి గుణాల మీద పరిశోధన సాగింది.

రాగికి పట్టం కట్టారు. ఇనుము మాత్రం బయటే ఉండిపోయింది. 2001లో జపాన్‌లో కత్సుయా షిమిజు బృందం శుద్ధమైన ఇనుమును వాతావరణ పీడనానికి లక్షన్నర రెట్లకు మించి నొక్కితే, దాని అయస్కాంతత్వం పోయి, 2 కెల్విన్ల లోపల అతివాహకం అవుతుందని చూపింది. ఇనుము తన స్వభావం వదులుకుంటేనే ఈ గుంపులో చోటని దాంతో అందరికీ ఇంకా గట్టిగా నమ్మకం కుదిరింది.

వెతికింది ఒకటి, దొరికింది ఒకటి

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిడెయో హొసోనో అతివాహకాల మనిషి కాదు. గాజులా పారదర్శకంగా ఉండి కరెంటును మోసే పదార్థాల కోసం వెతుకుతున్న రసాయన శాస్త్రవేత్త. లాంథానమ్-ఆక్సిజన్ పొర ఒకటి, దాని మీద రాగి-గంధకం పొర ఒకటి, ఇలా పొర మార్చి పొర పేర్చిన స్ఫటికాల మీద ఆయన బృందం పనిచేస్తోంది. రాగి స్థానంలో అయస్కాంత లోహాలు పెడితే ఏమవుతుందో చూడాలనుకున్నారు. ఇనుము, ఫాస్ఫరస్ పెట్టి చూశారు. 2006లో ఆ స్ఫటికం 4 కెల్విన్ల దగ్గర అతివాహకమైంది.

ఇనుముతో అతివాహకం! అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాలుగు కెల్విన్లు పాదరసం నాటి లెక్క.

హొసోనో, యోయిచి కామిహారా ఆ దారి వదల్లేదు. ఫాస్ఫరస్ తీసి దాని కిందివరుస మూలకం ఆర్సెనిక్ పెట్టారు. ఆ స్ఫటికం ఎంత చల్లబరిచినా అతివాహకం కాలేదు. అప్పుడు ఆక్సిజన్ పరమాణువుల్లో కొన్నింటిని తీసి ఫ్లోరిన్ చేర్చారు. పరివర్తన ఉష్ణోగ్రత 26 కెల్విన్లకు ఎగబాకింది. 2008 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఆ ఫలితం వెలువడింది.

ఈ కుటుంబం స్ఫటికాలు అప్పటికే లోకంలో ఉన్నాయి. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ జైట్ష్కో బృందం ఇనుము, ఫాస్ఫరస్ ఉన్నవాటిని 1995లో, ఆర్సెనిక్ ఉన్నవాటిని 2000లో తయారుచేసి, వాటి నిర్మాణం కొలిచి ప్రకటించింది. పదార్థం చేతికొచ్చి ఏళ్లు గడిచాయి. ఇనుము ఉన్నచోట అతివాహకత్వం ఉండదన్న నమ్మకం అడ్డుపడకపోతే ఈ కథ ముందే మొదలయ్యేది.

రెండు నెలల్లో రెండింతలు

26 కెల్విన్లను ఇంకా పైకి తీసుకెళ్లేదెలా? మొదటి దారి స్ఫటికాన్ని బయటినుంచి నొక్కడం. జపాన్‌లోనే హిరోకి తకహాషి బృందం హొసోనో స్ఫటికాన్ని 4 గిగాపాస్కల్‌ల పీడనంలో, అంటే గాలి ఒత్తిడికి సుమారు 40 వేల రెట్లతో నొక్కితే, అది 43 కెల్విన్ల దగ్గరే అతివాహకమైంది.

కానీ పీడనం తీసేస్తే లాభం పోతుంది. ఆ నొక్కుడేదో స్ఫటికం లోపలే శాశ్వతంగా ఉండేలా చేయాలి. దానికి చైనా శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి లాంథానమ్ స్థానంలో దాని చుట్టాలను పెట్టడం. ఆవర్తన పట్టికలో లాంథానమ్ నుంచి సీరియం, ప్రసియోడిమియం, నియోడిమియం, సమేరియం దిక్కుగా వెళ్తుంటే పరమాణు భారం పెరుగుతుంది, పరిమాణం మాత్రం తగ్గుతుంది. ఇంటి స్తంభాలు కాస్త పొట్టివైతే దూలాలు దగ్గరపడి మూలల కోణాలు మారినట్టు, చిన్న పరమాణువు చేరగానే స్ఫటికం తనంతట తాను బిగుసుకుంటుంది. దీన్నే రసాయన పీడనం అంటారు.

2008 మార్చి చివరి వారంలో ఫలితాలు రోజు విడిచి రోజు వచ్చిపడ్డాయి. హెఫెయ్ నగరంలో చెన్ షియన్‌హుయ్ బృందం సమేరియంతో 43 కెల్విన్లు చూపింది. బీజింగ్‌లో వాంగ్ నాన్‌లిన్ బృందం సీరియంతో 41 చేరింది. బీజింగ్‌లోనే జావ్ జాంగ్‌షియన్, రెన్ జియాన్ బృందం ప్రసియోడిమియంతో 52 కెల్విన్లు దాటింది. ఏప్రిల్ మధ్యకల్లా అదే బృందం సమేరియంతో 55 కెల్విన్లు సాధించింది. 6 గిగాపాస్కల్‌ల పీడనంలో 1,250 డిగ్రీల సెల్సియస్ వేడి మీద కాల్చిన పింగాణీ అది. అదే ఏడాది హాంగ్‌జోలోని జజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు గడోలినియం స్ఫటికంలో కొంత థోరియం కలిపి 56 కెల్విన్ల దాకా తీసుకెళ్లారు.

ఫిబ్రవరిలో 26, ఏప్రిల్‌లో 55. కంపనాల సాయంతో జతకట్టే పాత పద్ధతికి 40 కెల్విన్లు పైగీత అని అప్పట్లో ఎక్కువమంది అనుకునేవారు. ఇనుము ఆ గీతను వారాల్లో దాటేసింది. 2013 సంవత్సరానికి చైనా ప్రభుత్వం ప్రకృతి శాస్త్రాల్లో తన ప్రథమ పురస్కారాన్ని ఈ పరిశోధకులకే ఇచ్చింది.

ఇందులో మన తీరానికీ ఒక బంధుత్వం ఉంది. లాంథానమ్, సీరియం, ప్రసియోడిమియం, నియోడిమియం, సమేరియం, చివరికి థోరియం కూడా మోనజైట్ అనే ఒకే ఖనిజంలో కలిసి దొరుకుతాయి. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా మన సముద్రపు ఇసుకలో ఆ మోనజైట్ ఉంది. పరివర్తన ఉష్ణోగ్రతను మెట్టు మెట్టుగా ఎక్కించిన మూలకాల వరుసలో చాలావరకు ఆంధ్ర తీరం ఇసుకలోనే కనిపిస్తుంది.

లోపల ఏం జరుగుతోంది?

ఈ స్ఫటికాల్లో ఇనుము పరమాణువులు చదరంగపు గళ్ల మూలల్లా ఒకే తలంలో ఉంటాయి. ఆర్సెనిక్ పరమాణువులు ఆ తలానికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున కూర్చుంటాయి. ప్రతి ఇనుము పరమాణువు చుట్టూ నాలుగు ఆర్సెనిక్‌లు చేరి నాలుగు ముఖాల గోపురం కడతాయి. ఆ గోపురం ఎంత సమంగా ఉంటే పరివర్తన ఉష్ణోగ్రత అంత ఎక్కువని 2008లోనే జపాన్ శాస్త్రవేత్తలు కొలిచి చూపారు. కోణం 109.47 డిగ్రీలకు దగ్గరపడేకొద్దీ గీత పైకి జరుగుతుంది. ఇనుము తలం నుంచి ఆర్సెనిక్ ఎత్తు సుమారు 1.38 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉన్నప్పుడు ఉష్ణోగ్రత అత్యధికమని తర్వాతి కొలతలు చెప్పాయి. సమేరియం చేసిన మేలంతా ఇదే: గోపురాన్ని సరిచేసింది.

ఫ్లోరిన్ పని వేరు. ఏదీ కలపని మూల స్ఫటికాన్ని చల్లబరిస్తే 140 కెల్విన్ల ప్రాంతంలో ఇనుము పరమాణువుల అయస్కాంతాలు వరుసల్లో నిలబడతాయి. ఒక వరుస ఇటు, పక్క వరుస అటు. ఆ కట్టుబాటు ఉన్నంతకాలం అతివాహకత్వానికి చోటు లేదు. ఆక్సిజన్ బదులు వచ్చిన ఫ్లోరిన్ ఇనుము పొరకు అదనపు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వరుస కూలుతుంది. కూలినచోటే అతివాహకత్వం పుడుతుంది. బేరియం ఉన్న స్ఫటికంలో కొంత పొటాషియం చేర్చి, ఎలక్ట్రాన్లను తగ్గించి కూడా ఇదే పని చేయవచ్చు. మ్యూనిక్‌లో మరియానె రాటర్, డిర్క్ యోరెంట్ అలా 38 కెల్విన్లు చేరారు. ఇనుము స్థానంలోనే కొంత కోబాల్ట్ పెట్టినా అతివాహకత్వం బతుకుతుంది. రాగి ఆక్సైడ్లలో రాగిని అలా కదిపితే గుణం త్వరగా చెడిపోతుంది.

అసలు జతకట్టించేదెవరు? కంపనాలేనా అని లిలియా బోవెరి, ఆమె సహచరులు లెక్కగట్టారు. కంపనాల బలంతోనే అయితే ఈ స్ఫటికాలకు ఒక కెల్విన్ కూడా రాదని తేలింది. 2008లోనే ఇగోర్ మాజిన్, డేవిడ్ సింగ్, వాళ్ల సహచరులు ఒక సమాధానం ముందుపెట్టారు. వరుసకట్టిన అయస్కాంతత్వం కూలాక కూడా దాని అలజడి స్ఫటికంలో మిగిలే ఉంటుంది. ఎలక్ట్రాన్లను జతకట్టించేది ఆ అలజడే. ఈ వివరణ అన్ని ఇనుప అతివాహకాలకూ వర్తిస్తుందా అన్న చర్చ ముగియలేదు. అయినా న్యూట్రాన్ ప్రయోగాలు ఆ వైపే బలంగా మొగ్గుచూపాయి.

నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. ఏ అయస్కాంత గుణం వల్ల ఇనుమును తొంభై ఏళ్లు గడప బయట నిలబెట్టారో, ఆ గుణమే జతలకు పౌరోహిత్యం చేస్తోంది. మథియాస్ సూత్రం తాను చూసిన లోహాల మట్టుకు నిజం. చూడని లోహాలకు కూడా దాన్ని చట్టంగా మార్చడం మాత్రం తరువాతివాళ్ల పొరపాటు.

మన ప్రయోగశాలల్లో

2008లోనే భారతదేశం రంగంలోకి దిగింది. ఐఐటీ ఢిల్లీలో అశోక్ గంగూలీ బృందం స్ఫటికాలు తయారుచేస్తే, జేఎన్‌యూలో సత్యబ్రత పట్నాయక్ బృందం వాటిని కొలిచింది. వాళ్లు ఎంచుకున్న ప్రశ్న సరిగ్గా ఈ భాగానికి చెందినది: ఉష్ణోగ్రతను ఇంకెలా పెంచాలి? ఫ్లోరిన్ కలిపిన సీరియం స్ఫటికంలో కొంత సీరియం తీసి, అంతకన్నా చిన్నదైన యిట్రియం పెట్టారు. పరివర్తన ఉష్ణోగ్రత సుమారు 6 కెల్విన్లు పెరిగి 48 దాటింది. లాంథానమ్ స్ఫటికంలో ఆర్సెనిక్ స్థానంలో స్వల్పంగా యాంటిమొనీ చేర్చి, బయటి పీడనం ఏదీ లేకుండానే 30 కెల్విన్లు చూపారు. యాంటిమొనీ ఆర్సెనిక్ కన్నా పెద్దది. స్ఫటికం బిగుసుకోకుండా కాస్త వదులైనా ఉష్ణోగ్రత పెరిగింది. బిగింపొక్కటే మార్గం కాదని, గోపురం ఆకారమూ ఎలక్ట్రాన్ల లెక్కా కలిసి పనిచేస్తాయని ఆ ఫలితం గుర్తుచేసింది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రంలో అవధేశ్ మణి, ఎ. భారతి, సి.ఎస్. సుందర్ బృందం బేరియం స్ఫటికంలో ఏమీ కలపకుండా, పీడనంతోనే అతివాహకత్వం రప్పించింది. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో వి.పి.ఎస్. అవానా బృందం ఈ స్ఫటికాల మీద ఏళ్లతరబడి పనిచేసింది.

ఇది తేలిక పని కాదు. ఆర్సెనిక్ విషం. గాలి, తేమ తగలకుండా ఆర్గాన్ నింపిన పెట్టెలో పొడులు కలపాలి. బిళ్లలుగా నొక్కి, గాలి తీసిన క్వార్ట్జ్ గొట్టంలో సీలుచేసి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చాలి. ఫ్లోరిన్ క్వార్ట్జ్‌ను తినేస్తుంది. ఆర్సెనిక్ ఆవిరై గొట్టాన్ని పేల్చగలదు. తీసిన బిళ్లలో ఎంత ఫ్లోరిన్ నిలిచిందో కొలిస్తేగానీ తెలియదు. కోనసముద్రం కమ్మరి మూసకు మట్టి మెత్తి గాలి చొరకుండా చేసుకున్న జాగ్రత్తకూ, ఈ శ్రమకూ ఒకే వంశం.

సెలీనియం దారి

ఆర్సెనిక్ లేకుండా కుదరదా? 2008లోనే తైవాన్‌లో మావ్-కుయెన్ వూ, ఆ 1987 నాటి మనిషే, ఇనుము, సెలీనియం రెండే ఉన్న స్ఫటికంలో 8 కెల్విన్ల అతివాహకత్వం చూపారు. మధ్యలో వేరే పొర లేని, ఈ కుటుంబంలో అతి సాదా నిర్మాణం అది. దాన్ని 9 గిగాపాస్కల్‌ల దాకా నొక్కితే దాదాపు 37 కెల్విన్లు వచ్చాయి. పొరల మధ్య పొటాషియం దూర్చితే 30. లిథియంతో పాటు అమోనియా అణువులను దూర్చి పొరలను ఎడంగా జరిపితే 43.

అందరినీ నివ్వెరపరిచింది 2012లో బీజింగ్‌లో శ్వే చికున్ బృందం చేసిన పని. స్ట్రాన్షియం టైటనేట్ పలక మీద ఇనుము-సెలీనియం పొరను ఒక్కటంటే ఒక్కటి పరిచారు. జతలు కట్టిన గుర్తులు దానిలో 65 కెల్విన్ల దాకా కనిపించాయి. 8 కెల్విన్ల స్ఫటికం ఒంటిపొరగా మారి సరైన పలక మీద కూర్చోగానే ఎనిమిది రెట్లు ఎగబాకింది. కింది పలక ఎలక్ట్రాన్లు ఇవ్వడంతో పాటు తన కంపనాలతో జతలకు బలమిస్తోందని చాలామంది భావిస్తున్నారు. 2015లో షాంఘైలో ఒక బృందం అదే పొరలో 100 కెల్విన్లకు పైన అతివాహకత్వం చూశామని ప్రకటించింది. దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు. దళసరి స్ఫటికాల్లో 56 కెల్విన్ల మెట్టే ఇప్పటికీ చివరిది.

56 దగ్గర ఆగినా

ద్రవ నైట్రోజన్ గీత 77. ఇనుము దానికి 21 మెట్లు కింద ఉంది. మరి దీనితో ఏం లాభం? ఇనుప అతివాహకాలు 50 టెస్లాలు దాటిన అయస్కాంత క్షేత్రాన్ని కూడా తట్టుకోగలవు. ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ యంత్రం నడిచేది నియోబియం-టైటానియం తీగచుట్టలతో. వాటిని ద్రవ హీలియంలో 4 కెల్విన్ల దగ్గర ఉంచాలి. హీలియం అరుదు, ఖరీదు. 20 కెల్విన్ల దగ్గర విద్యుత్ శీతలయంత్రంతోనే పనిచేసే శక్తిమంతమైన అయస్కాంతం చేయగలిగితే ఆ యంత్రం జిల్లా ఆసుపత్రికి దగ్గరవుతుంది. పరివర్తన ఉష్ణోగ్రతలో పెరిగే ప్రతి కెల్విన్ వెనక ఇలాంటి లెక్క ఉంది.

2008 ఆగస్టులో, ఇనుప అతివాహకాల వేడి తారస్థాయిలో ఉన్నప్పుడే, అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో ఐఐటీ హైదరాబాద్ తన తొలి తరగతులు మొదలుపెట్టింది. ఇప్పుడది జపాన్ సహకారంతో కట్టిన ప్రాంగణంలో, జహీరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద సుమారు గంట ప్రయాణంలో ఉన్న కందిలో ఉంది. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ నియోబియం తయారుచేస్తోంది. మోనజైట్ మన తీరంలో ఉంది. అతి వేడి కొలిమిని, మూసిన మూసను నమ్ముకున్న వృత్తి సంప్రదాయం మన ఊళ్లలో ఉంది. ఈ జిల్లా పిల్లలు పదార్థశాస్త్రం చదవాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే. ఈ రంగంలో 26ను 55 చేసిన పనికి మహాయంత్రాల కన్నా ఎక్కువగా కావలసినవి ఆవర్తన పట్టిక మీద పట్టు, కొలిమి దగ్గర ఓపిక, పెద్దలు వద్దన్న మూలకాన్ని ఒకసారి చల్లబరిచి చూసే ధైర్యం. ఇనుముకు ఎలాంటి తోడునిస్తే 77 దాటుతుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పేవారు మన ఊరివారు కాకూడదన్న నియమం ఎక్కడా లేదు.

*(వచ్చే భాగంలో: గాజులా పెళుసైన ఈ స్ఫటికాలను వెండి గొట్టంలో నింపి, మీటర్ల పొడవున తీగగా సాగదీసిన కథ)*